గేమింగ్ పీసీ: సొంతంగా బిల్డ్ చేస్తున్నారా? పార్టులు ఆర్డర్ పెట్టేముందు ఇవి చూసుకోండి.. ఉద్దానంలో కరెంటు, ఉప్పుగాలి లెక్క కూడా తప్పదు

కవిటి: గేమింగ్ పీసీని పార్టులు కొని సొంతంగా బిగించుకుంటే ఏ పార్టుకు ఎంత పెట్టాలో మన చేతిలో ఉంటుంది. కానీ అందులో ఒక్కటి పక్కదానితో కలవకపోయినా మొత్తం సెట్ టేబుల్ మీదే ఉండిపోతుంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లయితే సాయంత్రానికి షాపుకెళ్లి మార్చుకుంటారు. కవిటి కుర్రాడికి ఆ వీలు లేదు. పార్టులు చేత్తో పట్టుకుని చూసి కొనాలంటే సోంపేట స్టేషన్‌లో రైలెక్కి రెండు వందల కిలోమీటర్లకు పైగా ఉన్న విశాఖ వెళ్లాలి. బరంపురం దగ్గరే, కానీ వారంటీ పని పడితే మళ్లీ సరిహద్దు దాటి అక్కడికే పోవాలి. ఇక ఆన్‌లైన్‌లో అయితే బాక్స్ తెరిచిన ప్రాసెసర్‌నో, మదర్‌బోర్డునో ‘మాకు సరిపోలేదు’ అంటే చాలా చోట్ల వెనక్కి తీసుకోరు. పాడైందని తేలితేనే మార్చి ఇస్తారు.

కొబ్బరికాయలు అమ్మిన డబ్బో, గల్ఫ్‌లో ఉన్న అన్న పంపిన డబ్బో పెట్టి కొనే వస్తువు ఇది. అందుకే ముందు కాగితం మీద జత కుదిర్చి, ఆ తర్వాతే ఆర్డర్ పెట్టాలి.

ఆ మూడూ ఒకే జట్టు

ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్.. వీటిని విడివిడిగా ఎంచుకోకూడదు. ప్రాసెసర్ కూర్చునే సాకెట్టే మిగతా రెండింటినీ తేలుస్తుంది. ఏఎండీలో 2016లో వచ్చిన ఏఎం4 సాకెట్‌కు డీడీఆర్4 ర్యామ్ పెట్టాలి. రైజెన్ 5600 లాంటివి దీంట్లోకే వస్తాయి. 2022లో వచ్చిన ఏఎం5కు డీడీఆర్5 మాత్రమే. రైజెన్ 7000, 9000 సిరీస్‌లు దీని మీద పనిచేస్తాయి.

ఇంటెల్ దగ్గరే ఎక్కువ మంది బోల్తా పడతారు. 12, 13, 14వ తరం ప్రాసెసర్లన్నింటికీ సాకెట్ ఒకటే, ఎల్‌జీఏ 1700. కానీ బోర్డులు మాత్రం డీడీఆర్4వి వేరు, డీడీఆర్5వి వేరు. పేర్లు దాదాపు ఒకేలా ఉంటాయి. చివర్లో ‘డీ4’ అనే చిన్న ముక్క ఒక్కటే తేడా ఉన్న మోడళ్లూ ఉన్నాయి. రెండు రకాల ర్యామ్‌లకూ పిన్నులు 288, పొడవూ ఒకటే. అయినా మధ్యలో గాడి వేరే చోట ఉంటుంది కాబట్టి ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి దిగదు. బలవంతంగా నొక్కితే స్లాట్ విరగడం ఖాయం. 2024 అక్టోబర్‌లో వచ్చిన కోర్ అల్ట్రా 200 డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు సాకెట్టే వేరు, ఎల్‌జీఏ 1851. వాటికి డీడీఆర్5 తప్పనిసరి.

2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల డిమాండ్‌తో ర్యామ్ ధరలు ఒక్కసారిగా పెరిగాయి. ఇంట్లో పాత డెస్క్‌టాప్ డీడీఆర్4 ర్యామ్ ఉంటే దానికి సరిపోయే బోర్డు వెతుక్కోవడం తెలివైన పనే. ల్యాప్‌టాప్ ర్యామ్ మాత్రం పొట్టిగా ఉంటుంది, డెస్క్‌టాప్‌లో పట్టదు.

సాకెట్ కుదిరినా ఇంకో చిక్కుంది. రైజెన్ 9000 సిరీస్ 2024 ఆగస్టులో వచ్చింది. అంతకుముందే ప్యాకైన బీ650 బోర్డు ఆ ప్రాసెసర్‌ను గుర్తుపట్టకపోవచ్చు. ఫ్యాన్లు తిరుగుతాయి, స్క్రీన్ మీద ఏమీ రాదు. బోర్డు పోయిందని కంగారుపడతారు గానీ, కావాల్సింది బయోస్ అప్‌డేట్. పాత స్టాక్ అమ్ముతున్న చోట ఇది మామూలే. ప్రాసెసర్ పెట్టకుండానే పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ చేసే ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డు కొంటే ఈ తలనొప్పి ఉండదు. ఏ ప్రాసెసర్‌కు ఏ బయోస్ వెర్షన్ కావాలో బోర్డు కంపెనీ సైట్‌లోని సపోర్ట్ లిస్ట్‌లో ఉంటుంది.

ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండవు. కార్డు తర్వాత కొందాంలే అనుకుంటే అప్పటిదాకా స్క్రీన్ చీకటే. ఏఎం4లో రైజెన్ 5600దీ అదే కథ. 5600జీలో మాత్రం గ్రాఫిక్స్ ఉంటాయి.

క్యాబినెట్ సంగతి తేలికే. బోర్డు సైజు, గ్రాఫిక్స్ కార్డు పొడవు, కూలర్ ఎత్తు.. ఈ మూడు కొలతలు మిల్లీమీటర్లలో స్పెసిఫికేషన్లలోనే ఉంటాయి. పోల్చి చూసుకుంటే చాలు.

ఎస్‌ఎంపీఎస్ దగ్గర పీనాసితనం వద్దు

ఆర్‌టీఎక్స్ 4060 కార్డు లాగేది 115 వాట్లే అయినా మొత్తం సిస్టమ్‌కు 550 వాట్ల సప్లై పెట్టమని ఎన్విడియా చెబుతోంది. చవక క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్‌ను గేమింగ్ పీసీకి వాడకపోవడమే మంచిది. ప్రాసెసర్‌కు పెట్టే 8 పిన్ల కేబుల్, గ్రాఫిక్స్ కార్డుకు పెట్టే 8 పిన్ల కేబుల్ చూడటానికి ఒకేలా ఉన్నా వైరింగ్ వేరు. దిగకపోతే నొక్కకూడదు. ఒక ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చిన మాడ్యులర్ కేబుళ్లను ఇంకోదానికి తగిలిస్తే బోర్డో, డిస్కో కాలిపోవచ్చు.

కరెంటు వచ్చీపోయే ఊళ్లో యూపీఎస్‌నూ పార్టుల లిస్టులోనే రాసుకోవాలి. 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లే. మానిటర్‌తో కలిపి చూస్తే అది అంచుల్లో ఉంటుంది. వెయ్యి వీఏది మేలు. అదీ ఆట కొనసాగించడానికి కాదు, సేవ్ చేసి షట్‌డౌన్ చేయడానికే. ఇంటి ఇన్వర్టర్ మీద నడపాలనుకుంటే అది ప్యూర్ సైన్ వేవ్‌దై ఉండాలి, వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉండాలి. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందంటే తప్పు పీసీది కాకపోవచ్చు. ముందు ఇంటి ఎర్త్ చూపించాలి.

2018 అక్టోబర్ 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుఫాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలనూ కూల్చేసింది. తుఫాను హెచ్చరిక రాగానే పీసీ ప్లగ్ పీకేయడం అందరూ చేస్తారు. నెట్ కేబుల్ పీకడమే మర్చిపోతారు. పిడుగు పడితే ఆ తీగ మీదుగా కూడా హైవోల్టేజ్ వస్తుంది. పీసీని నేల మీద నుంచి ఎత్తులో పెట్టాలి.

ఇక ఉప్పుగాలి. సముద్రం వైపు కిటికీ పక్కన పెట్టిన పీసీకి స్క్రూలు, వెనక పోర్టులు తుప్పు పట్టే ముప్పు ఎక్కువ. డస్ట్ ఫిల్టర్లున్న క్యాబినెట్ తీసుకుని లోపలి గోడ వైపు పెట్టుకోవాలి. నెలల తరబడి ఆపి ఉంచకుండా వారానికోసారైనా కాసేపు నడిపితే ఆ వేడికి లోపలి చెమ్మ ఆరుతుంది.

సెకండ్ హ్యాండ్‌లో దొరికే ఆఫీసు డెస్క్‌టాప్‌కు గ్రాఫిక్స్ కార్డు తగిలిద్దామనుకునేవాళ్లు ముందు లోపల చూడాలి. కొన్ని కంపెనీల మోడళ్లలో ఎస్‌ఎంపీఎస్ కనెక్టర్ మామూలుది కాదు, కార్డుకు ఇవ్వాల్సిన పవర్ కేబులే ఉండదు. పైగా 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు ఉచిత సపోర్ట్ ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో 8వ తరం నుంచి, అదీ టీపీఎం 2.0 ఉండాలి. విండోస్ 11 మీద వాలరెంట్ లాంటి ఆటలు ఆ టీపీఎం, సెక్యూర్ బూట్ ఆన్‌లో లేకపోతే తెరుచుకోవు.

పార్సిల్ వచ్చాక వెంటనే క్యాబినెట్‌లో బిగించేయకూడదు. బోర్డును దాని అట్టపెట్టె మీదే పెట్టి ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ తగిలించి చూడాలి. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేకపోతే కార్డు కూడా పెట్టాలి. బయోస్ స్క్రీన్ వస్తేనే ముందుకెళ్లాలి. బాక్సులు తెరవడం మొత్తం ఫోన్‌లో వీడియో తీసుకోవాలి. ఎల్‌జీఏ, ఏఎం5 బోర్డుల సాకెట్ మూత తీయగానే పిన్నులకు ఒక ఫొటో తీసి దాచుకోవాలి. వంగిన పిన్నులకు వారంటీ ఇవ్వరు, అవి ముందే వంగి వచ్చాయని చూపించడానికి ఆ ఫొటో ఒక్కటే ఆధారం.