బయటికెళ్లిందండీ, రేపు రండి

శివరాత్రి జాగారానికి మా వీధివాళ్లందరం తలా కొంత వేసుకుని టీవీ, డెక్కు అద్దెకు తెచ్చుకునేవాళ్లం. 1980ల చివరి మాట. టీవీని ఒకడు కావిలించుకుని రిక్షాలో కూర్చుంటే, డెక్కును ఒళ్లో పెట్టుకుని షాపు కుర్రాడు వచ్చేవాడు. రాత్రికి మూడు క్యాసెట్లు. తెల్లారి ఆరింటికల్లా అన్నీ షాపుకు చేరాలి, లేదంటే రెండో రోజు అద్దె కూడా కట్టాలి. సరిగ్గా రెండో సినిమా సగంలో కరెంటు పోయేది. పిల్లలం గోడకానుకుని నిద్రపోయేవాళ్లం, పెద్దవాళ్లు గడియారం చూసుకుంటూ కూర్చునేవాళ్లు. మూడో క్యాసెట్టు పెట్టేసరికి నాలుగయ్యేది. డబ్బు కట్టి కూడా చివరిదాకా చూడలేకపోయిన సినిమాలు అలా ఎన్నో ఉన్నాయి.

ఇంట్లో కూర్చుని సినిమా అద్దెకు చూసే అలవాటుకు దగ్గర దగ్గర యాభై ఏళ్లు. క్యాసెట్టు పోయి సీడీ వచ్చింది, సీడీ పోయి పోస్టులో కవరు వచ్చింది, కవరు పోయి యాప్ వచ్చింది. ముందున్న చికాకు పోగొడతానంటూ వచ్చిన ప్రతిదీ దాన్ని నిజంగానే పోగొట్టింది, తనదొకటి తెచ్చిపెట్టింది కూడా. అన్నిటినీ ఒక వరసలో పెట్టి చూసుకుంటే వాటిలో చాలా వరకు భరించదగినవే. ఒక్కటి మాత్రం కాదు.

ముందు అమెరికా సంగతి. సోనీ బీటామ్యాక్స్ 1975లో, జేవీసీ వీహెచ్ఎస్ 1976లో వచ్చాయి. మొదట్లో బీటామ్యాక్స్ క్యాసెట్టులో పట్టేది గంటసేపే, వీహెచ్ఎస్‌లో రెండు గంటలు. రెండింటి పోటీలో వీహెచ్ఎస్ నిలవడానికి ఇదొక పెద్ద కారణం. మ్యాగ్నెటిక్ వీడియో అనే కంపెనీ 1977లో ఫాక్స్ స్టూడియో నుంచి 50 సినిమాలు తీసుకుని క్యాసెట్లుగా అమ్మకానికి పెట్టింది. అదే ఏడాది చివర లాస్ ఏంజెలెస్‌లో జార్జ్ అట్కిన్‌సన్ అనే ఆయన ఆ క్యాసెట్లు కొని అద్దెకివ్వడం మొదలుపెట్టాడు. సభ్యత్వం ఏడాదికి 50 డాలర్లు, అద్దె రోజుకు 10 డాలర్లు. ఆ రోజుల్లో అది పెద్ద మొత్తమే, అయినా జనం వచ్చారు.

స్టూడియోలకు ఇది నచ్చలేదు, కానీ ఆపలేకపోయాయి. అక్కడి చట్టం ప్రకారం ఒక ప్రతిని న్యాయంగా కొన్నవాడు దాన్ని తిరిగి అమ్ముకోవచ్చు, ఎవరికైనా ఇవ్వవచ్చు, అద్దెకూ తిప్పుకోవచ్చు. మళ్లీ స్టూడియోను అడగనక్కర్లేదు. ఒక్కసారి క్యాసెట్టు బజారులోకి వచ్చిందంటే ఇక దాన్ని వెనక్కి పిలిచే అధికారం ఎవరికీ లేదు. చట్టంలోని ఈ చిన్న వెసులుబాటును గుర్తుపెట్టుకోండి, ఈ కథ మొత్తానికి ఇరుసు ఇదే.

మన దగ్గర దారి వేరు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలతో రంగుల టీవీ వచ్చింది, ఆ వెనకే విదేశాల నుంచి వీసీఆర్‌లూ వచ్చాయి. ఊరూరా వీడియో షాపులు లేచాయి. సినిమా వాళ్లు గగ్గోలు పెడితే 1984లో కాపీరైట్ చట్టాన్ని సవరించి శిక్షలు పెంచారు. ప్రతిని అద్దెకిచ్చే హక్కు, ఆ ప్రతి అంతకుముందు అమ్ముడుపోయినా సరే, సినిమా హక్కుదారుడిదేనని 1994 సవరణ స్పష్టంగా రాసింది. అంటే అమెరికాలో వీధి చివరి షాపువాడు దర్జాగా చేసిన పనినే ఇక్కడి షాపువాడు చాలాసార్లు చాటుగా చేశాడు.

ఆ చాటుతనం ఫలితం తెర మీద కనిపించేది. కొత్త సినిమా క్యాసెట్టు తెస్తే అది హాల్లో తీసిన కెమెరా ప్రింటు, ముందు వరసలో లేచి నిలబడ్డవాడి తల కూడా అందులోనే. బొమ్మ కింద ఏదో చీరల దుకాణం ప్రకటన పాకుతూ పోయేది. పాటలు సగానికి తెగేవి. 'మాస్టర్ ప్రింటేనా?' అన్నది షాపులో అందరూ మొదట అడిగే ప్రశ్న, షాపువాడు ఎప్పుడూ అవుననే అనేవాడు. క్యాసెట్టు చేతులు మారిన కొద్దీ గీతలు పెరిగేవి. డెక్కు మూత తెరిచి, హెడ్డు మీద స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడిచే విద్య ప్రతి వీధిలో ఒకడికి వచ్చు. టేపు లోపల చుట్టుకుపోతే పెన్సిలు పెట్టి మెల్లిగా లాగేవాడూ అతనే. ముందు చూసినవాళ్లు వెనక్కి తిప్పకుండా ఇచ్చేస్తే, మనం పెట్టగానే మొదట కనిపించేది శుభం కార్డు. అమెరికాలోనూ ఇదే బాధ. దయచేసి వెనక్కి తిప్పి ఇవ్వండని క్యాసెట్ల మీద స్టిక్కర్లు అంటించేవారు, తిప్పకపోతే జరిమానా వేసే షాపులూ ఉండేవి.

మనవాళ్లకు అక్కడ మరో చిక్కు. ఇండియా టీవీలది పాల్ పద్ధతి, అమెరికావి ఎన్‌టీఎస్‌సీ. ఇక్కడి నుంచి సూట్‌కేసులో ప్రేమగా తీసుకెళ్లిన తెలుగు క్యాసెట్టు అక్కడి మామూలు వీసీఆర్‌లో పెడితే బొమ్మ రాదు. ఆ కారణంగానే కందిపప్పు, చింతపండు అమ్మే ఇండియన్ స్టోర్లలో వెనక అరల నిండా ఎన్‌టీఎస్‌సీలోకి మార్చిన క్యాసెట్లుండేవి. శుక్రవారం సాయంత్రం సరుకులకని వెళ్లి, రెండు సినిమాలు కూడా సంచీలో వేసుకుని రావడం అప్పటి తెలుగు కుటుంబాల వారాంతం. మార్చినదాన్నే మళ్లీ మళ్లీ మార్చడంతో ఎరుపు రంగు చుట్టూ మసకలా వ్యాపించేది. అయినా ఆ సంచీ కోసం ఎదురుచూసిన ఇళ్లు ఎన్నో.

ఇక బ్లాక్‌బస్టర్. 1985లో డాలస్‌లో ఒక్క షాపుగా మొదలై, 2004 నాటికి 9 వేలకు పైగా షాపులైంది. దీని పేరు చెప్పగానే అమెరికా జనానికి గుర్తొచ్చేది ఆలస్య రుసుము. 2000వ సంవత్సరంలో ఒక్క ఆ పద్దు కిందే కంపెనీకి సుమారు 80 కోట్ల డాలర్లు వచ్చాయి. ఆ డబ్బంతా పిల్లాడికి జ్వరమొచ్చి, ఆఫీసులో పని పెరిగి, సోఫా కింద క్యాసెట్టు మర్చిపోయి ఒకరోజు ఆలస్యమైన మామూలు మనుషులది. కొనేవాడి మతిమరుపు మీద బతికే వ్యాపారం ఎంత పెద్దదైనా గట్టిది కాదని నా నమ్మకం. 2005లో 'ఇకపై ఆలస్య రుసుముల్లేవు' అని ప్రకటించారు. అయితే గడువు దాటాక మరో వారానికి సినిమా మొత్తం ధర కార్డు మీద పడేది. నెలలోగా తిరిగిస్తే ఆ ధర వెనక్కిచ్చి డాలరుంబావు మాత్రం పట్టుకునేవారు. ప్రకటన తప్పుదోవ పట్టిస్తోందని 47 రాష్ట్రాలు అడ్డుకుంటే కంపెనీ రాజీకి వచ్చింది. 2010లో దివాలా తీసింది.

ఆ షాపుల్లో రెండో చికాకు ఖాళీ పెట్టె. అరలో అట్టపెట్టె ఉంటుంది, వెనక క్యాసెట్టు ఉండదు. కారణం ధర. అద్దె షాపులకు ఒక్కో కొత్త క్యాసెట్టు అరవై డెబ్బై డాలర్లకు పడేది, కాబట్టి షాపువాడు నాలుగైదు ప్రతులే కొనేవాడు. 1998 ప్రాంతంలో ముందు కొద్దిగా కట్టి, వచ్చే అద్దెలో వాటా పంచుకునే ఒప్పందాలు కుదిరాకే అరలు నిండాయి. మా ఊరి షాపులోనూ ఈ బాధే. 'బయటికెళ్లిందండీ, రేపు రండి' అనేవాడు. మూడు రోజులు తిరిగితే నాలుగో రోజు దొరికేది. అప్పట్లో ఆ మాటంటే ఒళ్లు మండేది.

వీసీడీ రోజులు మన దగ్గర బాగానే నడిచాయి. ఒక్కో దానిలో గంటా పావు లోపే పట్టేది కాబట్టి తెలుగు సినిమా రెండు, ఒక్కోసారి మూడు సీడీలయ్యేది. మొదటి సీడీ బాగానే ఆడి, రెండోదాంట్లో ఫ్లాష్‌బ్యాక్ సరిగ్గా మొదలయ్యేచోట గీత పడి బొమ్మ గళ్లుగళ్లుగా ఇరుక్కునేది. తీసి, చొక్కాకు తుడిచి, మళ్లీ పెట్టడమే వైద్యం. 2007 ప్రాంతంలో మోసర్ బేర్ కంపెనీ సినిమా వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మకానికి పెట్టింది. అద్దె డబ్బుకు ఇంకొంచెం కలిపితే సినిమా సొంతమయ్యే ధర అది. నకిలీల మీద దెబ్బ వేయాలని పెట్టిన ధర, వీధి చివరి అద్దె షాపు మీద కూడా పడింది.

పోస్టులో డిస్కులు పంపే పద్ధతి 1998 ఏప్రిల్‌లో నెట్‌ఫ్లిక్స్‌తో పుట్టింది. కొన్నాళ్లకు చందా పద్ధతి వచ్చింది. నెలకు సుమారు 20 డాలర్లు, ఇంట్లో ఎప్పుడూ మూడు డిస్కులు, గడువు లేదు, రుసుము లేదు. జనం ఊపిరి పీల్చుకున్నారు. కానీ మంగళవారం ఏడవాలనిపించి రాసుకున్న సినిమా శుక్రవారం వచ్చేది, ఆ పూటకు నవ్వుకునే సినిమా కావాలనిపించేది. కవరులో డిస్కు రెండుగా విరిగి రావడమూ ఉండేది. త్వరత్వరగా చూసి తిప్పి పంపేవాళ్లకు కావాలని ఆలస్యంగా పంపుతున్నారని 2004లో దావా పడింది. తక్కువ వాడేవాళ్లకే కొత్త డిస్కుల్లో ముందు వంతు ఇస్తామన్న సంగతిని ఆ తర్వాత కంపెనీ తన షరతుల్లోనే రాసింది. మన దేశంలో సెవెంటీఎమ్ఎమ్, బిగ్‌ఫ్లిక్స్ లాంటివి ఇదే దారిలో నడవబోయాయి, ఎక్కువ కాలం నిలవలేదు. అమెరికాలో కిరాణా షాపుల ముందు ఎర్ర పెట్టెలు పెట్టి రాత్రికి డాలరుకు డిస్కులిచ్చిన రెడ్‌బాక్స్ కథ చిన్నది. 2010లో పెద్ద స్టూడియోలు కొత్త సినిమాను 28 రోజుల తర్వాతే ఇవ్వాలని దాని చేత ఒప్పించాయి, 2024లో అది మూతపడింది.

ఇప్పుడు యాప్. రిక్షా లేదు, డిపాజిట్ లేదు, గీతలు లేవు. 2022 ఏప్రిల్‌లో అమెజాన్ ప్రైమ్ మన దేశంలో అద్దె సినిమాలు పెట్టింది. 30 రోజుల్లోగా మొదలుపెట్టాలి, మొదలుపెట్టాక 48 గంటల్లో ముగించాలి. మరుసటి నెల 'కేజీఎఫ్ 2'ను 199 రూపాయలకు అలాగే ఇచ్చారు. అదే నెలలో 'ఆర్ఆర్ఆర్'కు చందా మీద అదనంగా అద్దె కట్టాలంటే జీ5 చందాదార్లు ఒప్పుకోలేదు, సంస్థ వెనక్కి తగ్గింది. చందా ఒకసారి కట్టాక మళ్లీ చెయ్యి చాపడం తప్పని జనం గట్టిగా చెబితే వింటారనడానికి అదొక రుజువు. ఇక ఆ 48 గంటల సంగతి. మూడు గంటల సినిమాను పిల్లల్ని పడుకోబెట్టాక రోజుకో గంట చొప్పున చూసే ఇళ్లలో మూడో రాత్రికి తలుపు మూసేస్తున్నారు. ఇది మా శివరాత్రి ఆరుగంటల గడువే, కాకపోతే బతిమాలుకోవడానికి ఎదురుగా షాపు కుర్రాడు లేడు.

ఇదైనా భరించవచ్చు. భరించలేనిది మరొకటి. పేరు కొడితే 'అందుబాటులో లేదు' అని వస్తుంది. నిన్నటిదాకా ఉన్న సినిమా ఒప్పందం ముగిసిందని ఈ రోజు మాయమవుతుంది. అమెరికాలో డిస్కును కొన్న షాపువాడికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, యాప్‌కు ప్రతి సినిమాకూ, ప్రతి దేశానికీ, ప్రతి ఏడాదికీ అనుమతి కావాలి. నెట్‌ఫ్లిక్స్ డిస్కుల జాబితాలో ఒకప్పుడు లక్షకు పైగా పేర్లుండేవి. 2023 సెప్టెంబరు 29న చివరి కవర్లు పంపి ఆ సేవ ఆపేసినప్పుడు, చేతిలో ఉన్న డిస్కులు ఉంచుకోండని చందాదార్లతో చెప్పారు. ఆ జాబితా అంతా యాప్‌లోకి రాలేదు. 'బయటికెళ్లిందండీ' అన్న మాటలో రేపు అనేది ఒకటుండేది. ఈ మాటలో అది లేదు. అన్ని చికాకుల్లోకీ దీన్నే నేను పెద్దదిగా లెక్కవేస్తాను.

అమ్మకు ఇష్టమైన 1970ల నాటి ఒక కుటుంబ కథ కోసం పోయిన దసరాకు ఇంట్లో అందరం వెతికాం. డబ్బు కట్టి చూసే దారి ఒక్కటీ కనపడలేదు. ఎవరో టీవీలోంచి రికార్డు చేసి పెట్టిన ముక్కలు దొరికాయి, మధ్యలో రెండు పాటలు లేవు. అమ్మ ఆ రెండు పాటలూ తనే పాడి వినిపించింది.

తెలుగు సినిమా హక్కులు చేతిలో ఉన్న నిర్మాతలకూ వారి వారసులకూ ఒక్క విన్నపం. మీ దగ్గరున్న పాత ప్రింట్లను శుభ్రం చేయించి అద్దెకు పెట్టండి. యాభయ్యో వందో మీరు చెప్పింది కడతాం. గడువు మాత్రం వారం రోజులు ఇవ్వండి.