మెతుకు పట్టి చూడని వంట



అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి కుండంతా కెలకనక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని మన పెద్దవాళ్ళు అనేవారు కదా! ఈవేళ నేను మీతో ముచ్చటించబోయేది ఆ మెతుకు గురించే. ఆ మెతుకు పట్టి చూసే పని మన వేళ్ళ నుంచి చెవులకూ, చెవుల నుంచి యంత్రానికీ ఎలా మారిందో చెబుతాను. కరెంటు ప్రెషర్ కుక్కర్ చరిత్ర అంటే నిజానికి అదేనండీ.

నేను ఈ చరిత్ర వెంట పడడానికి కారణం మా అమ్మ. ఆవిడకు డెబ్బై దాటాయి. సోంపేట దగ్గర పల్లెలో, నాన్నగారు పోయాక ఒక్కర్తే ఉంటోంది. మూడేళ్ళుగా చెవులు సరిగా వినబడడం లేదు. ఒకరోజు గ్యాసు మీద కుక్కర్లో పప్పు పెట్టి, పెరట్లో బీరపాదు దగ్గరకి వెళ్ళింది. విజిల్ ఎన్ని సార్లు వచ్చిందో ఆవిడకు తెలియదు. నీళ్ళన్నీ ఇగిరిపోయి, పప్పు మాడి బొగ్గయి, మూత మీది సేఫ్టీ వాల్వు కరిగిపోయింది. పక్కింటి కోడలు వాసన పట్టి పరుగెత్తుకొచ్చి గ్యాసు కట్టేసింది గనక సరిపోయింది. హైదరాబాదు నుంచి అన్నయ్య ఆ రాత్రే ఫోను చేశాడు. "ఇంక అమ్మని అక్కడ ఒంటరిగా ఉంచను. ఇల్లు తాళం వేసి తీసుకొచ్చేస్తాను" అన్నాడు. అమ్మ మాత్రం, "నా పొయ్యి ఇడిసి నానెక్కడికీ రాను" అని కూర్చుంది.

ఇద్దరి మధ్యా నలిగి, నేను విజయనగరంలో ఒక కరెంటు ప్రెషర్ కుక్కర్ కొని పట్టుకెళ్ళాను. వంట అయిపోతే దానంతటదే ఆగిపోతుందని చెప్పాను. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఒక్కటే అడిగింది.

"ఉడికిందని దీనికెలాగ తెలస్తాదే?"

నా దగ్గర జవాబు లేదు. పదో తరగతితో చదువు ఆపినదాన్ని. అయినా అమ్మకు జవాబు చెప్పకుండా ఆ పెట్టెను నమ్మమనడం న్యాయం కాదనిపించింది. ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేశాను, తెలిసినవాళ్ళని అడిగాను. తెలుసుకున్నది మీకూ చెబుతున్నాను.

ముందు కుండ సంగతి చూద్దాం. మన అమ్మమ్మలు ఎసరు పెట్టి, బియ్యం పోసి, ఉడికాక గంజి వార్చేవారు. కుండ మూత తీసే ఉండేది. కంటితో చూడొచ్చు, గరిటెతో కలపొచ్చు, మెతుకు నొక్కి చూడొచ్చు. కానీ మనిషి పొయ్యి దగ్గరే ఉండాలి. కట్టెలు ఎగదోస్తూ, పొగ మింగుతూ కాపలా కాయాలి. కందిపప్పయితే గంట పైమాటే. మంట ఎంత పెంచినా లాభం ఉండేది కాదు. మూత లేని గిన్నెలో నీళ్ళు 100 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర మరుగుతాయి, ఆపైన ఎంత మంట పెట్టినా ఆవిరైపోవడమే గాని వేడెక్కవు. అరకు కొండ మీదకి వెళ్తే ఇంకా తక్కువ. అక్కడ గాలి ఒత్తిడి కొంచెం తక్కువ గనక 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. పప్పు కొండమీద ఆలస్యంగా ఉడకడానికి కారణం అదే.

మరి నీళ్ళను 100 డిగ్రీలు దాటించడం ఎలా? ఆవిరిని బయటకి పోనివ్వకుండా బిగించాలి. ఈ ఆలోచనను పనిముట్టుగా చేసిన ఆయన డెనీ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. 1679లో లండనులో బలమైన ఇనుప పాత్ర చేసి, మూత బిగించి, ఎముకలను సైతం మెత్తగా ఉడికించి చూపించాడు. 1682లో అక్కడి రాయల్ సొసైటీ పండితులకు ఆ పాత్రలో వండిన వాటితోనే విందు చేశారట. ఆవిరి ఎక్కువైతే పాత్ర పేలిపోతుంది గనక, పాపిన్ మూతకు ఒక రంధ్రం పెట్టి, దాని మీద బరువు ఆనించాడు. ఒత్తిడి మితిమీరితే ఆవిరే ఆ బరువును ఎత్తుకుని బయటపడుతుంది. మన కుక్కర్ మీద వెయిట్ ఉంది చూశారూ, అది ఆ బరువుకు మునిమనవరాలే. ఆ వెయిట్ లోపల ఒత్తిడిని చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో చొప్పున పెంచుతుంది. దానితో వేడి దాదాపు 120 డిగ్రీలకు చేరుతుంది. గంట పట్టే పప్పు పావుగంట, ఇరవై నిమిషాల్లో అయిపోతుంది.

పాపిన్ పాత్ర వంటింట్లోకి రావడానికి రెండున్నర శతాబ్దాలు పట్టింది. 1939లో న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో ప్రెస్టో అనే కుక్కర్ చూపించాక అమెరికా గృహిణులు దాని మీద మోజుపడ్డారు. మన దేశంలో దానికి ముందే వేరే రకం కుక్కర్ ఒకటి పుట్టింది. కలకత్తాలో ఇందుమాధవ మల్లిక్ అనే డాక్టరుగారు 1910లో ఇక్మిక్ కుక్కర్ తయారుచేశారు. అడుగున బొగ్గు, పైన గిన్నె మీద గిన్నె. ఒత్తిడి ఏమీ ఉండదు, సన్నని సెగ మీద ఆవిరికే అన్నం, పప్పు, కూర నిదానంగా ఉడుకుతాయి. పెట్టి వెళ్ళిపోవచ్చు. అంటే కాపలా తప్పించాలన్న ఆలోచన అప్పుడే మొదలైందన్నమాట.

తరవాత 1959. ఆ ఏడే బొంబాయిలో హాకిన్స్, దక్షిణాదిలో టి.టి.కె. వారి ప్రెస్టీజ్ కుక్కర్లు మొదలయ్యాయి. రెండూ ఇంగ్లండు కంపెనీల సహకారంతో వచ్చినవే. మా ఇంటికి కుక్కర్ వచ్చేటప్పటికి నేను చిన్నపిల్లని. మామ్మ దాన్ని చూసి వంటింటి గుమ్మం దాటేది కాదు, "బాంబులాగ పేల్తాది" అనేది. కానీ అమ్మ నేర్చుకుంది. ఏ పప్పుకి ఎన్ని విజిల్సో, ఉలవలకి ఎన్నో, తేగలకి ఎన్నో (మా వైపు గేగులంటాం లెండి) ఆవిడ చెవికి తెలుసు. ముందు గదిలో బియ్యం ఏరుతూనే "మూడైంది, దించండే" అని కేకేసేది. మెతుకు పట్టి చూసే పని వేళ్ళనుంచి చెవికి మారింది అన్నాను కదా, అది ఇదే.

దానితో పాటు ఇంకొకటి కూడా పోయిందండోయ్. గంజి! కుక్కర్లో వండేది అత్తెసరే గనక వార్చేందుకు గంజి ఉండదు. చీరలకు పెట్టే గంజి, పశువుల కుడితిలో కలిపే గంజి, జ్వరం వచ్చినవాళ్ళు ఉప్పేసుకు తాగే గంజి, అన్నీ తగ్గిపోయాయి. ఏ కొత్త వస్తువైనా ఒకటి ఇస్తూ ఒకటి పట్టుకుపోతుంది సుమండీ.

ఇక కరెంటు సంగతి. ఇది 1955లో మొదలవుతుంది. ఆ ఏడు మనకి రెండు విధాల గుర్తుంచుకోదగ్గది. మన ఉత్తరాంధ్రకు ఎగువన, ఒరిస్సా సరిహద్దులో మాచ్‌ఖండ్ జల విద్యుత్ కేంద్రం కరెంటు ఇవ్వడం ప్రారంభించింది 1955లోనే. అదే ఏడు డిసెంబరులో జపానులో తోషిబా కంపెనీ, దానంతటదే ఆగిపోయే కరెంటు అన్నం కుక్కర్‌ను అమ్మకానికి పెట్టింది. ఆ కుక్కర్ వెనక ఒక ఇల్లాలు ఉంది. ఆవిడ పేరు ఫుమికో మినామి.

వాషింగ్ మెషిన్లు అమ్మడానికి తిరుగుతున్న తోషిబా ఉద్యోగి ఒకాయన, మీకు అన్నిటికన్నా కష్టమైన పని ఏమిటని గృహిణులను అడిగాడట. పూటపూటా అన్నం వండడమేనన్నారు వాళ్ళు. కంపెనీ ఆ పనిని యోషితద మినామి అనే చిన్న వర్క్‌షాపు యజమానికి అప్పగించింది. ఆయనకు యంత్రాలు తెలుసు, అన్నం తెలియదు. తెలిసింది భార్యకు. ఫుమికో ఆరుగురు పిల్లల తల్లి. రోజూ అన్నం వండుతూ, ఎంత వేడికి ఎంతసేపట్లో ఉడుకుతోందో కొలిచి రాసుకుంది. చలిలో ఒకసారి, ఎండలో ఒకసారి, నీళ్ళు మార్చి ఒకసారి వండి చూసింది. బాగా మరిగాక ఇరవై నిమిషాలు అదే వేడి మీద ఉంచితే బియ్యం చక్కగా ఉడుకుతుందని తేల్చింది. అప్పుడు భర్త, గిన్నె చుట్టూ ఇంకో గిన్నె పెట్టి మధ్యలో కాసిని నీళ్ళు పోసే ఏర్పాటు చేశాడు. ఆ నీళ్ళు ఇగిరిపోవడానికి పట్టేది సుమారు ఇరవై నిమిషాలు. అవి ఇగరగానే వేడి 100 డిగ్రీలు దాటుతుంది, వేడికి వంగే లోహపు రేకు ఒకటి వంగి స్విచ్చి ఆర్పేస్తుంది.

చూశారా! ఉడికిందని పెట్టెకు తెలియదు. ఆ ఇల్లాలికి తెలుసు. ఆవిడకు తెలిసినది పెట్టెలో పెట్టారు. అమ్మ ప్రశ్నకు జవాబు నాకు అక్కడ దొరికింది.

పాపిన్ బిగించిన ఆవిరీ, మినామి దంపతుల స్విచ్చీ ఒకచోట కలిస్తే మన కరెంటు ప్రెషర్ కుక్కర్. చైనాలో వాంగ్ యోంగ్‌గ్వాంగ్ అనే ఆయన 1991లో దీని పేటెంటుకు దరఖాస్తు చేశారు. 2010లో కెనడాలో రాబర్ట్ వాంగ్ ఇన్‌స్టంట్ పాట్ పేరుతో తెచ్చినది అమెరికాలో ఇంటింటికీ వెళ్ళింది, అక్కడి మన తెలుగు పిల్లల వంటిళ్ళకు కూడా. ఇందులో విజిల్ ఉండదు. గిన్నె అడుగున వేడిని కనిపెట్టే బుడిపె ఉంటుంది. ఒత్తిడి చాలినంత పెరగగానే స్విచ్చి కరెంటు ఆపుతుంది, తగ్గితే మళ్ళీ ఇస్తుంది. మీరు పెట్టిన నిమిషాలు అయ్యాక వంట ఆపేస్తుంది.

నేర్చుకోవడం మాత్రం నాకే కష్టమైంది. మొదటి రోజు, లోపలి గిన్నె కడగడానికి తీసిన సంగతి మరచి, బియ్యం, నీళ్ళు తిన్నగా పెట్టెలోకే పోసేశాను! ప్లగ్గు పెట్టకముందే అమ్మ చూసింది కాబట్టి బతికాను. వెంటనే బోర్లించి, మెకానిక్కు చూపించి, పూర్తిగా ఆరాకే మళ్ళీ వాడాం. మీరా పొరపాటు చేయకండి. లోపలి గిన్నె అడుగు పొడిగుడ్డతో తుడిచి మరీ పెట్టండి. మూడు పిన్నుల ప్లగ్గును ఎర్తింగు సరిగా ఉన్న సాకెట్‌లోనే పెట్టండి. గ్యాసు మీద గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు పోసే అలవాటైతే, ఇందులో గ్లాసున్నరతో మొదలుపెట్టి, పాత బియ్యమా కొత్త బియ్యమా అన్నదాన్ని బట్టి సర్దుకోండి. ఇందులో ఆవిరి పెద్దగా పోదు మరి. పప్పు, ఉలవలు నురగ కడతాయి, సగం గిన్నె దాటి పోయకండి. వంట అయిందనగానే మూత మీద దాడి చేయకండి. పది పదిహేను నిమిషాలు ఆగితే మూత మీది చిన్న పిన్ను తనే దిగుతుంది. అది దిగేదాకా మూత లాగకూడదు. మూతలోని రబ్బరు చీలికలు వస్తే మార్చేయాలి. పొయ్యి మీద పెట్టే ప్రెషర్ కుక్కర్లకు 2021 నుంచి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి చేశారు, అవి కొనేటప్పుడు ఆ గుర్తు చూసి కొనండి.

ఇంకొక మాట. కరెంటును నమ్మి పాత పొయ్యి పారేయకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మా సోంపేట, పలాస వైపే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు వేలకు వేలు నేలకొరిగాయి. పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేదు. ఆ ఏడు మాకు వంటచెరకుకు కరువు లేదు, చెట్టు మీది కాయకే కరువు. అమ్మ ఆ పడిన కొబ్బరి మట్టలతోనే కట్టెల పొయ్యి వెలిగించి, పక్కవాళ్ళకి కూడా వండి పెట్టింది. అందుకే ఆవిడ పెరట్లో పొయ్యి ఇప్పటికీ అలాగే అలికి ఉంటుంది.

నేను తెలుసుకున్నదంతా అమ్మకు, చెవి దగ్గర గట్టిగా, పూసగుచ్చినట్టు చెప్పాను. పాపిన్ సంగతి ఆవిడకు అంతగా పట్టలేదు. ఫుమికో మాట వినగానే, "అయితే ఆడమనిషే చెప్పిందన్నమాట" అంది. మర్నాడు సుద్దముక్క తీసుకుని వంటింటి తలుపు వెనకాల రాయడం మొదలుపెట్టింది. కందిపప్పుకి ఇన్ని నీళ్ళు, ఇన్ని నిమిషాలు. ఉలవలకి ఇన్ని. తప్పితే చెరిపి మళ్ళీ రాసింది. పదిహేను రోజులకి తలుపు నిండింది.

సంక్రాంతికి అన్నయ్య వచ్చాడు. తలుపు చూశాడు, పప్పు తిన్నాడు. "ఈ ఏటికి ఉండనీ" అన్నాడు. వచ్చే ఏటి మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

నేను అక్కడున్న ఆఖరి రోజున, కుక్కర్ ఆగింది, పిన్ను దిగింది. అమ్మ మూత తీసి, గరిటె కొసతో ఒక్క మెతుకు తీసి వేళ్ళ మధ్య నొక్కి చూసింది. "అయిందని అది చెప్పింది కదమ్మా, మళ్ళీ ఎందుకూ?" అన్నాను.

"అది సెప్పింది. నాను సూసుకోవద్దా?" అంది అమ్మ.