సట్టాంపిళ్ళై: సహాయబోధకుని పూర్వచరిత్ర

తెలుగు, తమిళ దేశములందు పూర్వము అనేక గ్రామములలో వీధియరుగులే పాఠశాలలు. కోవిల్‌పట్టి, విరుదునగరము మొదలగు తమిళ ప్రాంతములలో వీనిని తిణ్ణైపళ్ళిక్కూడములనిరి, తెలుగువారు వీధిబడులనిరి. ఒక్క యుపాధ్యాయుని యొద్ద వేర్వేరు వయసుల బాలురు కూర్చుండెడివారు. వారిలో చదువున ముందున్నవాడు చిన్నవారిచే ఇసుకలో అక్షరములు దిద్దించి, ఎక్కములు వల్లె వేయించెడివాడు. తమిళమున నతనికి సట్టాంపిళ్ళై యని పేరు. నేటి సహాయబోధకునకు పూర్వరూప మీ బాలుడే.

ఈ యేర్పాటునకు గట్టి సాక్ష్యము బళ్ళారి జిల్లానుండి లభించుచున్నది. మదరాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో దేశీయ విద్యాస్థితిని విచారింప ఉత్తరువు చేసెను. బళ్ళారి కలెక్టరును, తెలుగు వ్యాకరణకర్తయునగు ఏ. డి. క్యాంప్‌బెల్ 1823లో నివేదిక పంపెను. జిల్లాలోని 533 పాఠశాలలలో 226 తెలుగువి. పెద్ద విద్యార్థులు చిన్నవారికి నేర్పుచు తమ చదువును స్థిరపరచుకొను పద్ధతిని ఆయన కొనియాడెను. బాలురు పద్యములను అర్థమెరుగక కంఠస్థము చేయుచుండిరనియు వ్రాసెను.

ఈ పద్ధతి యంతకు పూర్వమే సముద్రము దాటెను. 1789లో మదరాసు ఎగ్మూరు నందలి సైనిక అనాథ బాలుర శరణాలయమునకు అధికారియైన ఆండ్రూ బెల్, దేశీయ పాఠశాలలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచెను. తన యుపాధ్యాయులు దాని నవలంబింపకపోగా, ఎనిమిదేండ్ల బాలునే చిన్న తరగతికి బోధకునిగా నియమించెను. 1797లో ఆ ప్రయోగమును లండనున గ్రంథముగా ప్రకటించెను. ఇంగ్లండున నీ విధానము విస్తరించెను. కాని అది వందలమందిని స్వల్పవ్యయముతో చదివించు యంత్రముగా మారగా లోపము బయటపడెను. తనకే పూర్తిగా తెలియనిదానిని బాలుడు పరులకెట్లు తెలుపగలడు? 1846లో ఆంగ్ల ప్రభుత్వము వేతనమును, ఐదేండ్ల శిక్షణయును గల శిష్యోపాధ్యాయ పద్ధతిని ప్రవేశపెట్టెను.

దీనివలన రెండు సంగతులు తేలుచున్నవి. సహాయకుడు ఉపాధ్యాయునకు తోడైనచో మేలు; బదులైనచో కీడు. మరియు నతడు ఆ వీధివాడే గాన, బాలునకు తెలిసిన మాటలలో చెప్పగలడు.

కోవిల్‌పట్టి, విరుదునగర ప్రాంతముల కరిసల్ నేలపై ఈ రెండవ గుణము మిక్కిలి విలువైనది. విజయనగర, మధుర నాయకుల కాలములలో వచ్చి స్థిరపడినవారి సంతతి యిండ్లలో తెలుగు వినబడును. వ్రాత తమిళమున సాగును. కోవిల్‌పట్టి చెంత ఇడైసెవల్‌లో 1923లో జన్మించిన కి. రాజనారాయణన్ మాతృభాష తెలుగు. ఆయనకు 1991లో సాహిత్య అకాడెమి పురస్కారము తెచ్చిన ‘గోపల్లపురత్తు మక్కళ్’ తమిళ నవల.

2006 నాటి చట్టముచే తమిళము ఒకటవ తరగతినుండి క్రమముగా నిర్బంధమయ్యెను. ఇరుగుపొరుగుల భాష నేర్వవలసినదే. కాని తెలుగుబిడ్డకు తన యింటి పలుకునకు అక్షరము చూపువారెవరు? 2021లో తమిళనాడు ప్రభుత్వము ‘ఇల్లం తేడి కల్వి’ పథకమున స్వచ్ఛంద సేవకులచే పిల్లల యిండ్ల చెంతనే సాయంకాల పాఠములు చెప్పించెను. వీధివారే వీధిపిల్లలకు బోధించుట నేటికిని సాధ్యమని యిది చూపెను. ఉపాధ్యాయుని కనుసన్నలలో, తెలుగు చదివిన యొక పెద్దపిల్ల దినమున కొక గడియ గుణింతము దిద్దించిన చాలును. అదియు లేనిచోట పిల్లవాడు తెలుగు పలుకును గాని, తాత వ్రాసిన తెలుగు జాబును చదువలేడు.