పెట్రోల్ కార్డు కథ: తిరిగొచ్చే డబ్బు ఎవరి జేబులోది?

ఈ వారం ఎపిసోడ్‌లో టైం చాలక వదిలేసిన ముక్క ఇక్కడ రాస్తున్నాను. అల్ ఐన్‌లో మా చుట్టుపక్కల తెలుగు కుటుంబాల పిల్లలు కాలేజీకొచ్చారు. లైసెన్సు వచ్చింది, పాత కారు ఒకటి వచ్చింది. ఆ తర్వాత వచ్చే ప్రశ్న ఒకటే: "అంకుల్, పెట్రోల్‌కి క్యాష్‌బ్యాక్ ఇచ్చే క్రెడిట్ కార్డు ఏది మంచిది?" కార్డు పేరు చెప్పేముందు అది ఎక్కడ పుట్టిందో చెప్పాలి.

మన ఊళ్ళలో లారీ ఓనర్లకి బంకులో ఖాతా ఉండేది గుర్తుందా? డ్రైవరు డీజిల్ కొట్టించుకుని పోతాడు, పుస్తకంలో రాసుకుంటారు, నెలాఖరున ఓనరు కడతాడు. ఖాతా ఉంది కాబట్టి ఆ లారీ పక్క బంకుకి పోదు. అమెరికాలో ఆయిల్ కంపెనీలు 1920లలో చేసిన పని సరిగ్గా ఇదే. ఖాతా పుస్తకం బదులు ఒక కార్డు ఇచ్చారు. అది చూపిస్తే ఆ కంపెనీ బంకుల్లో అరువు దొరికేది. అంటే పెట్రోల్ కార్డు పుట్టిందే కస్టమర్‌ని కట్టిపడెయ్యడానికి.

బ్యాంకులు ఆ తర్వాత దిగాయి. 1958లో బ్యాంక్ ఆఫ్ అమెరికా కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో ఊళ్ళో, ఎవరూ అడక్కుండానే, 60,000 కార్డులు పోస్టులో పంపేసింది. ఈ కార్డు ఒక్క కంపెనీ దగ్గరే కాదు, ఒప్పుకున్న షాపులన్నిట్లో చెల్లేది. కార్డు గీసిన ప్రతిసారీ షాపువాడు బ్యాంకుకి కొంత కమీషన్ కట్టాలి. మొదట్లో చాలామంది బాకీ ఎగ్గొట్టారు, బ్యాంకు గట్టిగానే నష్టపోయింది. అయినా వదల్లేదు. ఆ కార్డే తర్వాత వీసా అయింది.

మన తెలుగువాళ్ళు దీంట్లో వెనకబడలేదండోయ్. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా బ్యాంకు, 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చింది. దేశంలో మొదట తెచ్చిన బ్యాంకుల్లో అదొకటి. 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది గానీ, ఆ పేరు చెబితే మా నాన్న తరం వాళ్ళ ముఖం ఇప్పటికీ వెలుగుతుంది.

అసలు సంగతి 1982లో జరిగింది. అమెరికాలో ఆర్కో అనే ఆయిల్ కంపెనీ తన క్రెడిట్ కార్డుల్ని మొత్తం రద్దు చేసి, ఆ మిగిలిన ఖర్చుతో పెట్రోల్ రేటు తగ్గించింది. దాని భావం ఏంటి? కార్డు ఖర్చు అప్పటిదాకా పెట్రోల్ రేటులోనే దాక్కుని ఉందన్నమాట. నోట్లిచ్చి కొట్టించుకునేవాడు కూడా ఆ వాటా కట్టాడు. నాలుగేళ్ళకి, 1986లో, డిస్కవర్ కార్డు అమెరికా అంతటా వచ్చి, ఖర్చు పెట్టినదాంట్లో కొంత వెనక్కిస్తామని ప్రచారం చేసింది. క్యాష్‌బ్యాక్‌కి పేరొచ్చింది అక్కడినుంచే. ఆ డబ్బు ఆకాశంలోంచి ఊడిపడదు. కొంత షాపువాడి కమీషన్‌లోంచి, కొంత బాకీ మోసేవాడి వడ్డీలోంచి వస్తుంది.

ఆ కమీషన్ గొడవ మన దగ్గరా జరిగింది. నోట్ల రద్దు తర్వాత, 2016 డిసెంబర్లో, బంకులో కార్డుతో కడితే 0.75 శాతం తగ్గింపు ఇచ్చారు. నెల తిరక్కుండానే బ్యాంకులు బంకుల మీద 1 శాతం దాకా చార్జీ వేస్తామనేసరికి డీలర్లు అసలు కార్డులే తీసుకోమన్నారు. ప్రభుత్వం కలగజేసుకున్నాక ఆగింది. క్రెడిట్ కార్డుకి ఆ తగ్గింపు 2019 అక్టోబర్ 1తో పోయింది.

ఇక స్టూడెంట్ల సంగతి. అమెరికా కాలేజీల్లో ఒకప్పుడు టీషర్టు, పిజ్జా ఇచ్చి కార్డు ఫారం మీద సంతకం పెట్టించుకునేవాళ్ళు. 2009లో చట్టం తెచ్చి ఆ బహుమతులు ఆపేశారు. 21 ఏళ్ళలోపు వాళ్ళకి సొంత ఆదాయమైనా ఉండాలి, పూచీ పడే పెద్దవాళ్ళైనా ఉండాలి అన్నారు.

ఇక్కడ ఎమిరేట్స్‌లో 2011లో సెంట్రల్ బ్యాంకు పెట్టిన నియమం ఇంకా గట్టిది. కార్డు కావాలంటే ఏడాదికి కనీసం 60,000 దిర్హాముల ఆదాయం, లేదా అంత డిపాజిట్ తనఖా ఉండాలని అప్పుడు పెట్టారు. కాలేజీ పిల్లాడి దగ్గర అదెక్కడిది? మనలో చాలామందికే లేదు. కాబట్టి వాడికి దొరికేది తండ్రి కార్డు మీద ఇచ్చే సప్లిమెంటరీ కార్డు. వాడు గీసినా బాకీ తండ్రి పేరు మీదే. 2014 నుంచి అల్ ఎతిహాద్ క్రెడిట్ బ్యూరోలో పడేదీ తండ్రి లెక్కే. బాకీ 10,000 దిర్హాములు దాటితే అప్పిచ్చినవాడు కోర్టుకెళ్ళి ప్రయాణ నిషేధం అడగొచ్చు. ఇంటికెళ్ళే రోజు ఎయిర్‌పోర్టులో ఆగిపోయేది తండ్రే.

ఇప్పుడు లెక్క చూద్దాం. 2015 ఆగస్టు 1న ఇక్కడ పెట్రోల్ మీద సబ్సిడీ తీసేసి, రేటు నెలనెలా మార్చడం మొదలుపెట్టారు. స్పెషల్ 95 అంతకుముందు లీటరు 1.72, ఆ రోజున 2.14 దిర్హాములు. 2020 ఏప్రిల్లో 1.80కి దిగింది. 2022 జులైలో 4.52కి ఎక్కింది. నెలకి 120 లీటర్లు కొట్టించే పిల్లాడికి 216 దిర్హాములయ్యేది 542 అయింది. ఆ 542 మీద 5 శాతం క్యాష్‌బ్యాక్ అంటే 27 దిర్హాములు. ఇక్కడ కార్డు వడ్డీ నెలకి 3 శాతం పైనే. 2,000 దిర్హాముల బాకీ ఒక్క నెల మోస్తే 60 పోతాయి. లేటు ఫీజు వేరే.

ఇంకో రెండు మాటలు. అల్ ఐన్‌లో ఎటు చూసినా అడ్నాక్ బంకే. వేరే కంపెనీతో జత కట్టిన కార్డు తీసుకుని ఆఫర్ కోసం దుబాయ్ దాకా పోతామా? 1920ల నాటి కిటుకు ఇంకా బతికే ఉంది, చూసుకోవాలి. రెండోది, పెట్రోల్‌ని బ్యాంకు గుర్తుపట్టేది 5541, 5542 అనే కోడ్‌ల వల్ల. ఆ కోడ్‌తో పడకపోతే, బంకు ఆవరణలో కొన్నా సరే, పెట్రోల్ ఆఫర్ రాదు. అలాగే "5 శాతం" అని పెద్దక్షరాల్లో ఉన్నచోట, నెలకి కనీసం ఇంత ఖర్చు పెట్టాలి, ఇంతకు మించి ఇవ్వం అని కింద చిన్నక్షరాల్లో ఉంటుంది. ముందు అది చదవండి.

నన్నడిగితే పిల్లాడికి డెబిట్ కార్డు చాలు. సప్లిమెంటరీ కార్డు ఇవ్వక తప్పదంటే, ఏడాది ఫీజు లేనిది తీసుకుని, ప్రతి నెలా మొత్తం బిల్లు బ్యాంకు ఖాతాలోంచి దానంతటదే కట్టయ్యేలా పెట్టుకోండి. ఆ కార్డుకి విడిగా లిమిట్ పెట్టమని బ్యాంకుని అడగండి. మాకు తెలిసిన ఒకాయన కొడుకు కార్డుకి 400 దిర్హాములు పెట్టించాడు. మూడో వారానికల్లా ఫోన్ వస్తుందట: "నాన్నా, లిమిట్ అయిపోయింది, బస్సుకి వస్తున్నా."