బట్టీ ఋతువు, చట్టపు గడువు: మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములందు బాలసాక్షుల సమస్య

బాలలకు సంబంధించిన నేరముల దర్యాప్తు చెడుటకు పోలీసువారి హృదయకాఠిన్యమే మూలమనియు, శిక్షణ యొసగినచో దోషములన్నియు తొలగుననియు పరిశోధకులలో నొక వర్గము చిరకాలముగా వాదించుచున్నది. ఈ వాదము చేయువారు శామీర్‌పేట శివారు ఇటుకబట్టీ యొద్ద నొకపూట నిలిచియుండిన, తమ వ్యాసములను తామే సవరించుకొనియుందురు. న్యాయవిద్యకు పేరెన్నికగన్న నల్సార్ విశ్వవిద్యాలయము సైతము ఆ శామీర్‌పేటలోనే యున్నది గదా!

2012 నాటి పోక్సో చట్టము బాలిక వాంగ్మూలమును ఆమె యింటనో కోరిన చోటనో, వీలయినంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళాధికారి, యూనిఫారము ధరింపక నమోదు చేయవలెనని విధించినది. విధి యుత్తమమే. కాని ఒడిశాలోని బలాంగీరు, నువాపడా జిల్లాలనుండి వచ్చిన పథూరియా (ఇటుకపని చేయు వలసకూలీల) కుటుంబమునకు ఇల్లనగా యజమాని నేలపై, పచ్చి యిటుకల వరుసల ప్రక్కన, మేస్త్రీ చెవికి మాట వినవచ్చు దూరమున నిలిపిన గుడిసె. ఆలుమగలతోపాటు ఇటుకలు తిరుగవేయు బిడ్డయు బయానా (పనికి ముందిచ్చు సొమ్ము) లెక్కలో చేరినదే. ఆ బిడ్డ పలుకు సంబల్‌పురి. అక్కడ తెలుగు వచ్చినవాడు తరచుగా కూలీలను కుదుర్చు సర్దారొక్కడే, బయానా యిచ్చి కుటుంబమును తెచ్చినవాడును అతడే. అర్హుడగు అనువాదకుని సాయము పొందవచ్చునని చట్టమున నున్నను, వేళకు దొరకువాడు సర్దారే యగుచో బాలిక యేమని చెప్పును?

వయోనిర్ణయము మరియొక చిక్కు. 2015 నాటి బాలన్యాయ చట్టము ముందు బడి పత్రమును, పిదప పంచాయతీ జనన పత్రమును అడుగును. రెండును లేనినాడు ఎముకల పరీక్షయే శరణ్యము. ఆ పరీక్షలో ఇటు రెండేండ్లు అటు రెండేండ్లు తేడా రావచ్చునని సుప్రీంకోర్టు 1982లో జయమాల కేసునందే చెప్పినది.

అన్నిటికి మించినది కాలము. బట్టీ కార్తిక మార్గశిరములలో రాజుకొని తొలకరితో చల్లారును. పోక్సో కేసు దర్యాప్తునకు గడువు రెండు నెలలు. న్యాయస్థానము కేసును స్వీకరించిన పిదప ముప్పది దినములలో బిడ్డ సాక్ష్యము. ఏప్రిల్ నెలాఖరున ఫిర్యాదు వచ్చినదనుకొనుడు: అభియోగపత్రము జూన్ చివర చేరును, అప్పటికి సాక్షి బలాంగీరున నుండును. వలసకూలి బిడ్డ సాక్షియైన ప్రతి చోటను, రాష్ట్రమందంతటను, దర్యాప్తును ఓడించునది అధికారి స్వభావము కాదు, ఋతువే యని నా నిశ్చయము.

2020 నాటి పోక్సో నియమములు అనువాదకుల పట్టికను జిల్లా బాలల సంరక్షణ విభాగము నిర్వహింపవలెనన్నవి. మేడ్చల్–మల్కాజ్‌గిరి జిల్లా పట్టికలో సంబల్‌పురి వచ్చినవారి పేర్లు బట్టీ రాజుకొనకమున్నే చేర్చవలెనని అధికారులను వేడుచున్నాను.