నాణెం మీది కొండ

1991లో అమెరికా టంకశాల మూడు స్మారక నాణేలు విడుదల చేసింది. ఒకటి బంగారం, ఒకటి వెండి, మూడోది అర డాలరు. మౌంట్ రష్‌మోర్ శిల్పాలకు యాభై ఏళ్లు నిండిన సందర్భం అది. వెండి డాలరు మీద వాషింగ్టన్, జెఫర్సన్, థియోడర్ రూజ్‌వెల్ట్, లింకన్ ముఖాలున్న కొండ కనిపిస్తుంది. అర డాలరు వెనకవైపు బైసన్ అనే అడవిదున్న ఉంది.

నాణెం చిన్నది, దాని మీద పట్టేది కొంచెమే. అందుకే ఏం ముద్రించారో చూశాక, ఏం వదిలేశారో కూడా చూడాలి.

ఆ కొండ దక్షిణ డకోటా రాష్ట్రంలోని నల్లకొండల్లో ఉంది. లకోటా ఆదివాసులు దాన్ని ‘ఆరుగురు తాతలు’ అని పిలిచేవారు. రష్‌మోర్ అనేది న్యూయార్క్ వకీలు ఒకాయన పేరు.

1868లో ఫోర్ట్ లారమీ ఒప్పందంలో ఆ కొండలు మీవేనని ప్రభుత్వం సంతకం పెట్టింది. ఆరేళ్లకే కస్టర్ సైన్యం అక్కడ బంగారం ఉందని చాటింది. తవ్వకందార్లు ఎగబడ్డారు, యుద్ధం జరిగింది. కొండలు వదులుకోకపోతే రేషన్ ఆపేస్తామని బెదిరించి, 1877లో చట్టం చేసి లాక్కున్నారు. లకోటాలకు తిండీ బట్టా గుడారమూ అన్నీ ఆ అడవిదున్నే. ఆ కాలంలోనే తెల్ల వేటగాళ్లు దాని మందలను దాదాపు లేకుండా చేశారు.

1927లో గట్జన్ బోర్గ్లమ్ అనే శిల్పి డైనమైట్‌తో కొండను పేల్చి 60 అడుగుల ముఖాలు చెక్కించడం మొదలుపెట్టాడు. 1941లో పని ముగిసింది.

1980లో ఆ దేశ సుప్రీంకోర్టు, కొండలు తీసుకున్నందుకు పరిహారం చెల్లించాలని తీర్పు ఇచ్చింది. వడ్డీతో కలిపి 10 కోట్ల డాలర్లు దాటింది. లకోటాలు పేదవాళ్లు. అయినా ముట్టుకోలేదు. తీసుకుంటే అమ్మినట్టే అవుతుందన్నారు. ఆ సొమ్ము ఇప్పుడు 100 కోట్ల డాలర్లు దాటినా వాళ్ల మాట మారలేదు.

ఆ తీర్పు వచ్చిన పదకొండేళ్లకు ఈ నాణేలు వచ్చాయి. కొండ ఉంది, దున్న ఉంది, ఆ కొండవాళ్లు మాత్రం లేరు.

మన ఏజెన్సీలో భూమికి 1/70 చట్టం కాపలా ఉంది. పేర్లకు ఏ చట్టం కాపలా కాయదు. ఊరి వెనక గుట్ట పేరు అడిగితే మా బడి పిల్లలు ఒకటి చెబుతారు, వాళ్ల ఇళ్లలో అవ్వలు మరొకటి చెబుతారు. టీచర్లూ, ఆ రెండో పేరును పిల్లల నోటుబుక్కుల్లో రాయించండి.