బొంబాయి ఓడలో వెళ్లిన పాట

రాజంపేట నుంచి తాళ్లపాక ఆటోలో వెళ్లేంత దూరం. అన్నమయ్య పుట్టిన ఊరు అది. అదే రాజంపేట, ఆ పక్కనే రైల్వేకోడూరు, రాయచోటి ఇవాళ కువైట్‌కు మనుషుల్ని పంపే ఊళ్లుగా పేరుపడ్డాయి. డ్రైవరుగానో, వంటమనిషిగానో, కంపెనీ క్యాంపులోనో ఒక్కరైనా అక్కడ పనిచేయని వీధి ఆ చుట్టుపక్కల దొరకడం కష్టం. పదం రాసి, బాణీ కట్టి, తానే పాడిన మనిషిని వాగ్గేయకారుడని నెత్తిన పెట్టుకున్న గడ్డ నుంచి వెళ్లినవాళ్లు వీళ్లు. తాము చాయ్ కప్పులు అందించే దివానియాల్లోనూ (మగవాళ్లు చేరి కబుర్లాడే గదుల్లోనూ) అలాంటి మనుషులు కూర్చున్నారనీ, వాళ్లలో తొలివాడు సంగీతం నేర్చుకున్నది మన బొంబాయిలోననీ వీళ్లకు చెప్పినవాళ్లు లేరు.

ఇప్పుడు కువైట్ కుర్రకారు గిటారు పట్టుకుంది. ఒక స్టూలు, ఒక మైకు, సొంతంగా రాసుకున్న పాట. కాఫీ షాపులో ఓ సాయంత్రం పాడటం, ఫోన్లో రికార్డు చేసి యూట్యూబులో పెట్టడం. మద్యనిషేధం ఉన్న దేశం కాబట్టి అమెరికాలోలాగా బార్లలో పాడుతూ పైకి రావడమన్నది అక్కడ లేదు. కాఫీ షాపులు, మిత్రుల ఇళ్లు, యర్మూక్ కల్చరల్ సెంటర్ లాంటి వేదికలు, అంతే. ఇదంతా పడమటి గాలి అని పెద్దలు పెదవి విరుస్తుంటారు. గిటారు వరకైతే ఆ మాట నిజం. ఒక మనిషి ఒక తీగవాద్యం ఒళ్లో పెట్టుకుని తన పాట తాను పాడుకోవడం మాత్రం కువైట్‌కు కొత్త కాదు. అక్కడ పెట్రోలు పైకి రావడానికి వందేళ్ల ముందు పుట్టినవాడే ఆ పని చేశాడు.

ఆయన పేరు అబ్దుల్లా అల్ ఫరజ్. పుట్టింది 1836లో, కువైట్‌లో. తండ్రి ఓడలున్న వర్తకుడు. పిల్లవాడిగా ఉన్నప్పుడే తండ్రితో బొంబాయి చేరాడు. చదువు అక్కడే, సంగీతమూ అక్కడే. అరబ్బులు ఊద్ వాయించే సమావేశాల్లో ఎంత కూర్చున్నాడో, హిందుస్తానీ సంగీతంతోనూ అంత పరిచయం పెంచుకున్నాడు. తండ్రి పోయాక చేతికొచ్చిన ఆస్తి స్నేహితులకీ, పాటకీ ఖర్చయిపోయింది. సొంత ఊరికి తిరిగొచ్చాక ఆయన దగ్గర మిగిలింది ఊద్, కవిత్వం, అందమైన చేతిరాత. 1901 ప్రాంతంలో కన్నుమూశాడు. ఆయన పద్యాల్ని తర్వాతి తరానికి చెందిన బంధువు, కవి ఖాలిద్ అల్ ఫరజ్ పోగుచేసి పుస్తకంగా నిలబెట్టాడు.

అరబ్ పాటలో సాధారణంగా ముగ్గురుంటారు. రాసే కవి ఒకరు, బాణీ కట్టేవాడు ఒకరు, పాడేవాడు మరొకరు. ఇప్పటికీ గల్ఫ్ సినిమా, టీవీ పాటల్లో ముగ్గురి పేర్లూ విడివిడిగానే వేస్తారు. అబ్దుల్లా అల్ ఫరజ్ ముగ్గురి పనీ ఒక్కడే చేశాడు. ఆయన చేతిలో రూపుదిద్దుకున్న గానపద్ధతిని సౌత్ అంటారు. సౌత్ మాదేనని బహ్రెయిన్ వాళ్లూ గట్టిగా వాదిస్తారు. వాళ్ల మహమ్మద్ బిన్ ఫారిస్ (1895-1947) నిజంగానే ఉద్దండుడు. ఆయన కూడా బొంబాయి వెళ్లి అక్కడ స్థిరపడిన ఒక యెమెన్ గాయకుడి దగ్గర నేర్చుకుని వచ్చినవాడే. తగువు ఎటు తేలినా దారి మాత్రం బొంబాయి మీదుగానే పోతుంది.

సౌత్ కచేరీ ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూద్దాం. నేలమీద పరుపులు. గోడవారగా చుట్టూ మగవాళ్లు. మధ్యలో ఊద్ వాయించే గాయకుడు. ఊద్ గుమ్మడికాయను నిలువునా కోసి బోర్లించినట్టుండే వాద్యం. పల్చటి చెక్కబద్దల్ని ఒకదాని పక్కన ఒకటి వంచి అతికించి ఆ బుర్ర చేస్తారు. ఐదు జంట తీగలు, మామూలుగా వాటికి తోడు ఒక ఒంటి తీగ. మెడ పొట్టి, పైభాగం వెనక్కి విరిగినట్టు వంగి ఉంటుంది. వీణకున్నట్టు మెట్లు లేవు. అందువల్ల వేలు ఎక్కడ ఆపితే అక్కడే స్వరం. రెండు స్వరాల మధ్య ఖాళీలో ఎంతసేపైనా జారవచ్చు. పూర్వం పక్షి ఈకతో మీటేవారు, ఇప్పుడు ప్లాస్టిక్ ముక్క.

పక్కన మిర్వాస్ వాయించేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు. రెండు వైపులా తోలు బిగించిన చిన్న డప్పు అది. ఒక చేత్తో పట్టుకుని రెండో చేతి వేళ్లతో కొడతారు. మొదట గాయకుడు తాళం లేకుండా నెమ్మదిగా ఎత్తుకుంటాడు, మన ఆలాపనలాగే. తర్వాత మిర్వాసులు అందుకుంటాయి. ఆరు దెబ్బల నడకైతే సౌత్ అరబీ, నాలుగు దెబ్బలదైతే సౌత్ షామీ. ఆపైన చప్పట్లు. కూర్చున్నవాళ్లలో ఒక వరుస దెబ్బమీద కొడితే ఇంకో వరుస దెబ్బకీ దెబ్బకీ మధ్య కొడుతుంది. తప్పట్లతోనే అంత చిక్కటి అల్లిక వినబడుతుంది. ఆ ఊపులో ఇద్దరు లేచి, గాయకుడి వైపు అడుగులేస్తూ, గెంతుతూ, వెనక్కి తగ్గుతూ ఆడతారు. మైకు లేదు, ఆర్కెస్ట్రా లేదు. చివర్లో తౌషీహా అనే ముగింపు పద్యం పాడి ఊద్ దించుతాడు. ఈ పాటల సాహిత్యంలో చాలా భాగం యెమెన్ కవులది. కువైట్ చేతికి యెమెన్ మాట, బొంబాయి చెవి, సముద్రం మీది తాళం వచ్చి చేరాయన్నమాట.

సముద్రం మాట ఊరికే అనలేదు. పెట్రోలు రాకముందు కువైట్‌కు రెండే బతుకుతెరువులు: ముత్యాలు, ఓడ వర్తకం. ఎండాకాలం నాలుగు నెలలూ ముత్యాల వేట. ఒక్కో ఓడలో నహ్హామ్ అనే గాయకుడుండేవాడు. తాడు లాగడానికి, తెడ్డు వేయడానికి, తెరచాప ఎత్తడానికి పాట అందించడమే అతని పని, దానికే అతనికి కూలి. వేట ముగిశాక బస్రా ఖర్జూరాలు నింపుకుని పెద్ద ఓడలు మన పడమటి తీరానికి బయల్దేరేవి. వచ్చేటప్పుడు బియ్యం, మసాలాలు, బట్టలు, మలబారు టేకు. ఆ టేకుతోనే మళ్లీ కువైట్ ఓడలు తయారయ్యేవి. దొరికిన ముత్యాల్లో మంచివి బొంబాయి బజారులో అమ్ముడుపోయేవి. కువైట్ వర్తకులకు అక్కడ ఇళ్లు, కొట్లు ఉండేవి. 1961లో దీనార్ వచ్చేదాకా కువైట్ బజార్లలో చెల్లింది రూపాయే. ఇప్పుడు దీనార్ లెక్క చూసుకుని ఇంటికి డబ్బు పంపే మనవాళ్లకు ఈ సంగతి వింతగా తోచవచ్చు. ఆ రోజుల్లో సంపాదించుకోవడానికి ఓడెక్కి ఇటు వచ్చింది వాళ్లు.

1927లో, బాగ్దాదులో, కువైట్ గొంతు రికార్డు పళ్లెం మీదికెక్కింది. పాడింది అబ్దుల్లతీఫ్ అల్ కువైతీ, రికార్డు చేసింది బైదాఫోన్ కంపెనీ. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ పళ్లెంలో ఒక వైపు మూడు నిమిషాలు, కొంచెం అటూ ఇటూ. దివానియాలో తీరిగ్గా సాగే సౌత్‌ను రెండు ముక్కలుగా కోసి రెండు వైపులా సర్దారు. తాళం లేని ఎత్తుగడ కుదించుకుపోయింది, ఆటకు చోటే లేదు. నష్టమే. అయినా ఆ పళ్లేలు లేకపోతే ఆనాటి గొంతు ఎలా పలికిందో ఇవాళ మనకు తెలిసేది కాదు.

ఇక ఈ చరిత్రలో అందరికంటే పెద్ద కథ ఇద్దరు అన్నదమ్ములది. సాలిహ్ 1908లో, దావూద్ 1910లో కువైట్‌లోని ఒక యూదు కుటుంబంలో పుట్టారు. సాలిహ్‌కు పదేళ్లప్పుడు వ్యాపారం మీద ఇండియా వెళ్లొచ్చిన పినతండ్రి పిల్లలిద్దరికీ రెండు కానుకలు తెచ్చాడు. ఒక వయొలిన్, ఒక ఊద్. వయొలిన్ సాలిహ్ తీసుకున్నాడు, ఊద్ దావూద్‌కు వెళ్లింది. ఖాలిద్ అల్ బక్ర్ అనే పేరున్న ఊద్ విద్వాంసుడు పాఠం చెప్పాడు. పెద్దల సభల్లో పాడుతూనే సాలిహ్ సొంత బాణీలు కట్టడం మొదలెట్టాడు. తర్వాత కుటుంబం బస్రాకు, అక్కడి నుంచి బాగ్దాదుకు మారింది.

బాగ్దాదులో సాలిహ్ చేతిలోంచి పాటలు పుంఖానుపుంఖంగా వచ్చాయి. 1932లో కచేరీకి వచ్చిన ఈజిప్టు మహాగాయని ఉమ్మ్ కుల్సూమ్, సలీమా మురాద్ పాడుతున్న సాలిహ్ పాట విని ముచ్చటపడి, నేర్చుకుని తాను పాడింది. ఈజిప్టు బయటివాళ్ల బాణీ తీసుకుని పాడటం ఆమె విషయంలో చాలా అరుదు. 1936లో బాగ్దాద్ రేడియో మొదలైనప్పుడు దాని వాద్యబృందాన్ని కూర్చింది ఈ అన్నదమ్ములే. ఊరు బాగ్దాదైనా జనం వాళ్లను పిలిచింది మాత్రం ‘అల్ కువైతీ’ అనే.

1951లో ఇరాక్ యూదులు మూకుమ్మడిగా ఇజ్రాయెల్‌కు తరలినప్పుడు వీళ్లూ వెళ్లిపోయారు. టెల్ అవీవ్ హతిక్వా పేటలో ఇంటి సామాన్ల కొట్టు పెట్టుకుని, అరబ్బీ రేడియోలో పాడుతూ బతికారు. అక్కడి పెద్ద సంగీత సభలు ఈ అరబ్బీ పాటను లెక్కలోకి తీసుకోలేదు. ఇరాక్‌లోనేమో ఇంకో రకం దెబ్బ. పాటలు మాత్రం రేడియోలో మోగుతూనే ఉన్నాయి, పేర్లు చెప్పడం మానేశారు. 1970ల్లో అధికారికంగానే వాటి మీద ‘జానపదం’ అని చీటీ అంటించారు. బాణీ కట్టినవాడు బతికి ఉండగానే అతని పాట ‘అజ్ఞాత కర్తృకం’ అయిపోయింది. జానపదం అన్న ఆ ముద్ర చూసినప్పుడల్లా నాకు అనుమానమే. కొన్నిసార్లు అది గౌరవం, కొన్నిసార్లు దొంగతనానికి మర్యాదైన పేరు.

దావూద్ 1976లో, సాలిహ్ 1986లో పోయారు. మీరు మాత్రం సంగీతం జోలికి వెళ్లొద్దని దావూద్ తన పిల్లలకు కట్టడి చేశాడట. ఆయన పోయిన మరుసటి ఏడు పుట్టిన మనవడికి తాత పేరే పెట్టారు. ఆ మనవడు దూదూ టాసా రాక్ గిటారిస్టయ్యాడు, తన పాటలు తాను రాసి పాడే మనిషయ్యాడు. 2011లో ‘దూదూ టాసా అండ్ ది కువైతీస్’ పేరుతో తాతల పాటల్ని గిటారు మీదికి తెచ్చాడు. 2017లో బ్రిటిష్ బృందం రేడియోహెడ్ అమెరికా పర్యటనలో ముందు పాడింది ఈ బృందమే. కువైట్ ముఖం చూడని బృందం కువైట్ పేరు పెట్టుకుని తిరిగింది.

కువైట్‌లో మిగిలిన కథ తొందరగానే చెప్పేయవచ్చు. జపాన్ పెంపకపు ముత్యాలు వచ్చి ముత్యాల వేట కుప్పకూలింది. 1938లో బుర్గాన్‌లో నూనె పడింది, 1946లో ఎగుమతి మొదలైంది. 1951లో రేడియో వచ్చింది. డబ్బుతో పాటే ఈజిప్టు పద్ధతి పెద్ద ఆర్కెస్ట్రా వచ్చింది. ఇరవై వయొలిన్ల వెనక ఊద్ ఎక్కడో వినీ వినపడకుండా ఉండిపోయింది. అవాద్ దూఖీ లాంటి గాయకుడు సముద్రపు పాటను ఆ కొత్త స్టూడియోలోకి తెచ్చాడు. ఆయన సోదరుడు యూసుఫ్ దూఖీ కువైట్ పాటల మీద పెద్ద పుస్తకమే రాశాడు. 1956లో జానపద కళల కేంద్రం పెట్టి పాత గొంతుల్ని టేపులకెక్కించే పని కూడా మొదలుపెట్టారు. ఆ బుద్ధి ముందే పుట్టినందుకు మెచ్చుకోవాలి. మన బుర్రకథ, జముకులకథ గాళ్లకు అంత భాగ్యం దొరకలేదు.

2016లో షేక్ జాబిర్ అల్ అహ్మద్ కల్చరల్ సెంటర్ తెరిచాక కువైట్‌కు ప్రపంచస్థాయి కచేరీ మందిరాలు వచ్చాయి. అయితే కొత్త వాగ్గేయకారులు ఎదిగింది అక్కడ కాదు. గాజీ అల్ ములైఫీనే చూడండి. గిటారు వాయిస్తాడు, న్యూయార్క్ యూనివర్సిటీలో ముత్యాల వేట పాటల మీద పరిశోధన చేశాడు. ఆయన నడిపే ‘బూమ్ దివాన్’ బృందంలో పాత దివానియాల తాళగాళ్లు, జాజ్ గిటారు వాయించేవాళ్లు ఒకే వరుసలో కూర్చుంటారు. ‘బూమ్’ అంటే ఆ బొంబాయి ఓడల రకమే. డప్పులు కొట్టే పెద్దలు సంగీత కళాశాల మెట్లెక్కినవాళ్లు కాదు, నాన్న పక్కన కూర్చుని చప్పట్లతో మొదలెట్టినవాళ్లు. నా మట్టుకు నాకు, కాఫీ షాపులో ఇంగ్లీషులో పాడే కుర్రవాళ్లకంటే ఈ కలయికలోనే ఎక్కువ సరుకు కనిపిస్తుంది. అల్ ఫరజ్ చేసిందీ ఇదే. పక్క ఊరి సంగీతం నేర్చుకున్నాడు, సొంత ఊరి కూర్చునే పద్ధతి వదల్లేదు.

ఇక మనవాళ్ల సంగతి. అకామా (నివాస అనుమతి) గురించి, కఫీల్ (పూచీ పడే యజమాని) గురించి, ఇంటి దగ్గర పిల్లల గురించి సొంతంగా పాట కట్టి సెలవుపూట గదిలో పాడేవాళ్లు గల్ఫ్ తెలుగువాళ్లలో ఉన్నారు. ఆ పాటలు వాట్సాపులో ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకు పోతుంటాయి. మూడో ఫోను చేరేసరికి కట్టినవాడి పేరు పోతుంది. అన్నమయ్య దాదాపు ప్రతి కీర్తనలో వేంకటేశ్వరుడి ముద్ర ఉంచాడు, ఆయన వంశంవాళ్లు రాగిరేకుల మీద చెక్కించారు. అందుకే ఆ పాటలు తాళ్లపాక వారివని మనం ఇప్పుడు చెప్పుకోగలుగుతున్నాం. సాలిహ్, దావూద్ పాటలకు ఆ పేరు తిరిగి రావడానికి అరవై ఏళ్లూ, ఒక మనవడూ పట్టారు. మీరు కువైట్‌లో ఉండి పాట కడుతున్నట్టయితే, దాన్ని ఎవరికైనా పంపేముందు మొదట్లోనే మీ పేరు, మీ ఊరు, ఆ నెల, ఆ ఏడు నోటితో చెప్పి రికార్డు చేయండి.